మోకాలి కింద కాలు పోయిన మాజీ సైనికుడికి స్టంప్ కట్టు ఇంట్లో ఎలా కట్టాలి?

పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచి సైనికులకు కృత్రిమ కాళ్లు చేస్తోంది. అక్కడివాళ్లు ఎంత పనితనం చూపించినా, ఆ కాలు ఆయనకు ఒదుగుతుందా లేదా అన్నది మాత్రం బెంగళూరులో మీ ఇంట్లో, మంచం అంచున, రోజుకు ఎన్నోసార్లు తేలే విషయం. మోకాలి కింద మిగిలిన భాగాన్ని ఆస్పత్రిలో అందరూ స్టంప్ అంటారు. ఆపరేషన్ తర్వాత అందులో నీరు పట్టి ఉబ్బుతుంది. ఆ వాపు దిగి, స్టంప్ ఒక ఆకారానికి వచ్చి నిలబడితేనే కృత్రిమ కాలికి అచ్చు తీయగలరు. ఆ ఆకారం తెచ్చేది కట్టు.

డిశ్చార్జి రోజున ఆస్పత్రిలో కట్టి పంపిన కట్టు బాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి ఇంట్లోవాళ్లు దాన్ని గాజులు తొడిగినట్టు వరసగా, గుండ్రంగా చుట్టడం మొదలుపెడతారు. చూడటానికి నీటుగా ఉంటుంది, అందుకే తప్పని ఎవరికీ తోచదు. స్టంప్ పాడయ్యేది సరిగ్గా అక్కడే.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. 10 సెంటీమీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు ఉన్న మంచి క్రేప్ బ్యాండేజీలు. మనిషి భారీగా ఉంటే ఒక కట్టుకు రెండు పడతాయి. కట్టుకున్నది ఒకటి, ఉతికి ఆరేసింది ఒకటి అని లెక్కేసుకోవద్దు. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరులో బట్ట ఆరదు కాబట్టి మూడు జతలు ఉండాల్సిందే. ఇవి కాక అంటించే టేపు, దర్జీ టేపు, ఒక నోటుపుస్తకం. బ్యాండేజీతో పాటు వచ్చే ఇనుప క్లిప్పులు ఇంటికి రాగానే చెత్తబుట్టలో వేయండి. మందుపాతర పేలుడులో కాలు పోయినవాళ్లకు స్టంప్ మీద చాలాసార్లు వేరేచోటి చర్మం తెచ్చి అతికించి ఉంటారు. అక్కడ స్పర్శ సరిగా ఉండదు, క్లిప్పు గుచ్చుకున్నా ఆయనకు తెలియదు. షుగరు ఉన్నవాళ్ల సంగతీ అంతే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కుట్లు ఇంకా తీయకపోయినా, రక్తమో చీమో కారుతున్నా, కాలికి రక్తప్రసరణ తక్కువని ఎవరైనా చెప్పి ఉన్నా, సర్జన్‌ని అడగకుండా బిగింపు కట్టు వేయకండి. రక్తనాళాలు మూసుకుపోయి కాలు తీసేసిన మనిషికి బిగుతు కట్టు మందు కాదు, ముప్పు.

స్టంప్‌ని గోరువెచ్చని నీళ్లతో, మామూలు సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వండి. కట్టుకు ముందు నూనె, క్రీము, పౌడరు ఏవీ వద్దు. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, మోకాలు తిన్నగా చాపించి, తొడ కింద నుంచి స్టంప్ దాకా ఒక చెక్కపలకో గట్టి అట్టో ఆనించండి. మోకాలు వంచి కడితే కట్టు మోకాలి వెనక ముడతలు పడి కోసుకుంటుంది.

ఇక అసలు పని. ఇక్కడ తొందర పడకండి.

సూత్రం ఒక్కటే. బిగువు మొనలో, అంటే స్టంప్ చివర ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. ఫిజియోథెరపిస్టు కన్నడంలో ‘బిగి’ అన్నా మనకు అర్థమయ్యే మాటే, చిక్కు మాటలో లేదు. ఎక్కడ బిగి, ఎక్కడ వదులు అన్నదే చిక్కు. నీరు చేరేది మొనలో. దాన్ని కింది నుంచి పైకి, తొడ వైపు తోలాలి. పైన బిగించి మొన వదులుగా వదిలేస్తే నీరు దారి లేక కిందే నిలిచిపోతుంది, మొన బుడగలా ఉబ్బి ఎర్రబడుతుంది. గుండ్రంగా చుట్టిన ప్రతి చుట్టూ ఒక తాడు కట్టినట్టే. అందుకే ఒక్క చుట్టు కూడా అడ్డంగా పోకూడదు, అన్నీ ఏటవాలుగానే పోవాలి.

బ్యాండేజీ ఉండ చర్మానికి దగ్గరగా, విప్పుకుంటూ పోయేలా పట్టుకోండి. ఉండ చేతికి దూరంగా వేలాడితే బిగువు మీ అదుపులో ఉండదు. కొసను మోకాలి చిప్ప కింద, ముందువైపు ఆనించండి. అక్కణ్నుంచి తిన్నగా కిందికి, మొన మీదుగా వెనక్కి, మోకాలి మడత కిందికి తీసుకెళ్లండి. అక్కడ మడిచి ఆయన్నే బొటనవేలితో నొక్కి పట్టుకోమనండి. తిరిగి మొన మీదుగా ముందుకు, ఈసారి కొంచెం లోపలి పక్కగా. మళ్లీ వెనక్కి, కొంచెం బయటి పక్కగా. మూడు పొరలతో కుట్టు మచ్చ మొత్తం కప్పుకుపోవాలి. చర్మం ఒక్క వేలెడు కనిపించినా, కట్టు బిగిశాక ఆ కిటికీలోంచే మాంసం పైకి తోసుకొస్తుంది. ఈ మడతలు జారకుండా ఒక ఏటవాలు చుట్టు లాగకుండా వేయండి.

ఇప్పుడు 8 అంకె. పైన బయటి పక్క నుంచి ఏటవాలుగా కిందికి, మొన లోపలి మూలకు. మొన వెనగ్గా తిప్పి బయటి మూలకు. అక్కణ్నుంచి ముందువైపుగా ఏటవాలుగా పైకి, లోపలి పక్కకు. వెనగ్గా తిరిగి మళ్లీ బయటి పక్కకు. పట్టీ మొన దగ్గరికి వచ్చినప్పుడు లాగాలి, పైకి ఎక్కుతుండగా చెయ్యి సడలించాలి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగానికి పైగా కప్పుతూ రావాలి. పట్టీలు ఒకదాన్నొకటి దాటే చోటు ఎప్పుడూ ఒకే గీత మీద పడనివ్వకండి. ఎముక అంచు మీద అన్ని అడ్డకట్లూ ఒకేచోట పడితే రెండు రోజుల్లో పుండు పడుతుంది.

మొనకు రెండు మూలలుంటాయి, కుట్టు మచ్చ రెండు కొసలు. సంచి మూలల్లా పొడుచుకొస్తాయి కాబట్టి చాలా ఇళ్లలో వాటిని చెవులంటారు. కట్టిన ప్రతిసారీ ఒక చుట్టు ఈ చెవి మీదుగా, ఒక చుట్టు ఆ చెవి మీదుగా గట్టిగా లాగి వేయాలి. వీటిని వదిలేస్తే ఆరు నెలల తర్వాత కూడా అవి అలాగే నిలబడి, కృత్రిమ కాలిలో స్టంప్ దూరే గిన్నెలాంటి సాకెట్‌లో ఒరుసుకుంటాయి.

బిగువు ఎంతో చేతికి తెలిసేదాకా కంటిని నమ్మండి. క్రేప్ బట్టలో సన్నని ముడతలు ఉంటాయి, ఇస్త్రీ చేయని నూలు చీరలా. మొన మీద ఆ ముడతలు దాదాపు సాఫు అయిపోవాలి. మధ్యలో సగం విప్పుకోవాలి. మోకాలి దగ్గర ముడతలు ముడతలుగానే ఉండాలి, అంటే అక్కడ పట్టీని ఊరికే పరిచినట్టు. కట్టు పూర్తయ్యాక కింది నుంచి పైకి చూస్తే ఈ తేడా కనబడాలి. అంతటా ఒకేలా కనిపిస్తే విప్పి మళ్లీ కట్టండి.

కట్టును మోకాలి కిందే ఆపేయకండి. అలా ఆపితే గంటలో జారి, జారినచోట తాడులా మెలిపడి, అదే పైన బిగింపు అవుతుంది. మోకాలి వెనగ్గా ఏటవాలుగా పైకి తీసుకెళ్లి, చిప్ప పైన తొడ మీద ఒకసారి లాగకుండా వేసి, మళ్లీ ఏటవాలుగా కిందికి రండి. చిప్ప మాత్రం బయటే ఉండాలి. కొసను ముందువైపు టేపుతో అంటించండి, టేపు కాలి చుట్టూ తిరగకూడదు.

అప్పుడు అడగండి. “ఏమండీ, బిగుతుగా ఉందా?” అంటే ఉద్యోగం మానినా ఫౌజీ ఫౌజీయే, “పర్లేదు” అనే అంటారు. అందుకని అలా అడక్కండి. “లోపల దడదడ కొట్టుకుంటోందా? తిమ్మిరి ఎక్కుతోందా?” అని అడగండి. ఈ రెంటిలో ఏది ఉన్నా తక్షణం విప్పాలి, ‘కాసేపు చూద్దాం’ లేదు. పైభాగంలో రెండు వేళ్లు సులువుగా దూరాలి, మొన దగ్గర కష్టపడాలి. లేని పాదం నొప్పి పెడుతోందని చాలామంది అంటారు. అది భ్రమ అని కొట్టిపారేయకండి, నిజమైన నొప్పే. పలువురికి సరైన బిగువున్న కట్టు పడగానే అది కొంత నెమ్మదిస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, మార్కెట్లో స్టంప్‌కు తొడిగే ఎలాస్టిక్ సాక్సు దొరుకుతుంది కదా అంటారు. కుట్లు మాని, ఆకారం ఓ దారికి వచ్చాక అది మంచిదే. ఇంట్లో కట్టు సరిగ్గా కట్టేవాళ్లు ఎవరూ లేకపోతే తప్పు కట్టు కన్నా సాక్సు నయం. కానీ మొదటి వారాల్లో స్టంప్ గబగబా తగ్గుతుంది, కొన్న కొలత త్వరలోనే వదులైపోతుంది, వదులైన సాక్సు చేసే పని ఏమీ లేదు. బ్యాండేజీ అయితే ఆ రోజు కాలు ఎంతుంటే అంతకే ఒదుగుతుంది. మొదట కట్టు, తర్వాతే సాక్సు.

ప్రతి నాలుగు గంటలకొకసారి, అంతకన్నా ముందే వదులైతే అప్పుడే, విప్పి మళ్లీ కట్టాలి. స్నానం వేళ తప్ప రాత్రింబవళ్లు ఉండాలి. విప్పినప్పుడల్లా ఐదు నిమిషాలు అరచేతితో మొనను మెల్లగా తడుముతూ రుద్దండి, చర్మం తాకిడికి అలవాటు పడుతుంది. ఎర్రబడ్డచోట పది నిమిషాల్లో మామూలు రంగు రాకపోతే అక్కడ తర్వాతి కట్టు బిగువు తగ్గించండి. లోపల కొత్తగా గట్టి గడ్డలా తగిలితే డాక్టరుకు చూపించండి. పేలుడు గాయాలవాళ్లకు కండలో ఎముక పెరగడం ఉంటుంది, దాన్ని కట్టుతో నొక్కి తగ్గించలేరు. అలాగే విప్పిన ప్రతిసారీ రెండో పాదం కూడా చూడండి, వేళ్ల సందులతో సహా. యుద్ధంలో కాకుండా రిటైరయ్యాక షుగరుతో కాలు పోయినవాళ్లు మన మాజీ సైనికుల్లోనూ ఉన్నారు, వాళ్లకు ఆ రెండో పాదమే ఆస్తి.

మోకాలి కింద దిండు పెట్టకండి. సుఖంగా ఉంటుందని ప్రేమతో పెట్టే ఆ దిండే మోకాలిని వంకరగా బిగిసిపోయేలా చేస్తుంది. తిన్నగా చాపలేని మోకాలికి కృత్రిమ కాలు బిగించడం చాలా కష్టం. చక్రాల కుర్చీలో కూర్చున్నా స్టంప్ కిందికి వేలాడకూడదు, పలక మీద చాపి ఉంచాలి.

చిప్ప కింద 5 సెంటీమీటర్ల దగ్గర, 10 సెంటీమీటర్ల దగ్గర, మొనకు కాస్త పైన, మూడు చోట్ల చుట్టుకొలత తీసి ఉదయం, సాయంత్రం నోటుపుస్తకంలో రాయండి. రెండు వారాల పాటు అంకెలు దాదాపు కదలకుండా ఉంటేనే పుణె ప్రయాణం. 2003 ఏప్రిల్‌లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో సభ్యత్వం ఉన్నవాళ్లు ముందుగా తమ పాలీక్లినిక్‌లో చూపించి రిఫరల్ రాయించుకోవాలి. కార్డు, సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్కు, ఆపరేషన్ కాగితాలతో పాటు ఆ కొలతల పుస్తకాన్నీ పట్టుకెళ్లండి.

బెంగళూరు నుంచి పుణెకు రైల్లో ఒక రాత్రి, దాదాపు ఒక పగలు పడుతుంది. అంతసేపు కాలు వేలాడేసి కూర్చుంటే నెలల శ్రమ ఒక్క ప్రయాణంలో కొట్టుకుపోతుంది. కింది బెర్తే తీసుకోండి, కాలు చాపే ఉంచండి, నాలుగు గంటల లెక్క రైల్లోనూ తప్పకండి. పుణె చేరాక, అచ్చు తీసేవాళ్లు అడిగేదాకా స్టంప్ మీద కట్టు లేకుండా ఉంచకండి. ఉబ్బిన స్టంప్‌కు తీసిన అచ్చుతో చేసిన సాకెట్ త్వరలోనే వదులైపోయి మళ్లీ పుణెకు తిప్పిస్తుంది.

కాలు వచ్చాక కూడా మొదటి నెలల్లో, కాలు విప్పిన మరునిమిషం కట్టు పడాలి, రాత్రంతా ఉండాలి. తెల్లారి స్టంప్ సాకెట్‌లోకి పోవడం లేదంటే సాధారణంగా రాత్రి కట్టు తప్పిందనే అర్థం. బలవంతంగా తోయకండి. కట్టు వేసి, అరగంట కాలు ఎత్తులో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. బ్యాండేజీలను గోరువెచ్చని నీళ్లలో ఉతికి, పిండకుండా తువ్వాల్లో అద్ది, నీడలో పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేలాడేస్తే నీటి బరువుకే సాగిపోతాయి. సాగిన బ్యాండేజీ మొన మీద ఎంత లాగినా ముడతలు సాఫు కావు. అలాంటిది కనబడిన రోజే పక్కన పడేసి కొత్తది తీయండి.