గేమ్ కొనే ముందు గురువారం దాకా ఆగండి

పీసీలో గేమ్స్ ఆడేవాళ్లు ఎపిక్ గేమ్స్ స్టోర్‌లో ఒక అకౌంట్ తెరిచి పెట్టుకోండి. ప్రతి గురువారం రాత్రి కనీసం ఒక గేమ్ ఉచితంగా పెడతారు. వారంలోపు 'గెట్' నొక్కి తీసేసుకుంటే అది మీ లైబ్రరీలోనే ఉండిపోతుంది. వెంటనే డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు, డేటా అయిపోతుందన్న టెన్షన్ లేదు. అన్నీ గొప్పవేం కావులెండి, ఊరికే వస్తుంటే వద్దనడం ఎందుకు?

డబ్బు పెట్టి కొనాలంటే నా ఓటు స్టీమ్ అనే ఇంకో ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌కే. ధరలు రూపాయల్లో ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలకన్నా తక్కువైతే, నచ్చలేదని చెప్పినా డబ్బు వెనక్కి ఇస్తారు. కాబట్టి మీ పాత లాప్‌టాప్ ఆ గేమ్‌ని లాగుతుందో లేదో మొదటి గంటలోనే తేల్చుకోండి. మెనూ తెరిచి వదిలేసి భోజనానికి వెళ్లకండి, ఆ టైమూ లెక్కలోకే వస్తుంది.