బార్బెక్యూ పోటీకి సాధన ఎలా చేయాలి?

పోటీ పది రోజుల్లో ఉందనగా చాలామంది మొదట మసాలా మారుస్తారు, ఆ వెంటనే మటన్ కొట్టుకు పరుగెత్తుతారు. రెండూ తొందరపాటు పనులే. మన నల్లగొండ, పాలమూరు వైపు ఆహార మేళాల్లో, కళాశాల ఉత్సవాల్లో ఓడిపోయిన పళ్ళాలను ఒకసారి దగ్గర నుంచి చూడండి. కొన్నింటిలో ముక్క పైన బొగ్గులా మాడి, ఎముక దగ్గర ఎర్రటి నీరు కారుతుంటుంది. మరికొన్నింటిలో ఎండి పీచు పీచుగా ఉంటుంది. ఈ లోపాలు మసాలా వల్ల రావు, నిప్పు వల్ల వస్తాయి. అందుకే నేను చెప్పే సాధనలో మొదటి సగంలో అసలు మాంసమే ఉండదు.

నిబంధనల కాగితం

ఏ మాంసం, ఎన్ని ముక్కలు, ఎన్ని గంటలకు ఇవ్వాలి అనే మూడూ రాసుకోండి. ఈ రకం పోటీలకు అమెరికాలోని కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ నియమాలే కొలబద్ద. అక్కడ కోడి, పంది పక్కటెముకలు, పంది మాంసం, బ్రిస్కెట్ (గొడ్డు రొమ్ము మాంసం) అని నాలుగు విభాగాలు. ఒక్కోదాన్ని అరగంట తేడాతో ఇవ్వాలి. చెప్పిన సమయానికి ఐదు నిమిషాల ముందు నుంచి ఐదు నిమిషాల తర్వాత వరకే తీసుకుంటారు. ఆరుగురు న్యాయనిర్ణేతలు రూపం, రుచి, మెత్తదనం చూసి 9 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. ఎక్కువ బరువు రుచికే. మన పోటీలు ఇంత కట్టుదిట్టంగా ఉన్నా లేకపోయినా, సాధన మాత్రం ఈ లెక్క ప్రకారమే చేయండి.

సామాను

నిలువునా కోసి, మూత బిగించిన 200 లీటర్ల ఇనుప పీపా చాలు. కింద ఒక గాలి రంధ్రం, పైన ఒక పొగ రంధ్రం ఉండాలి. రెంటికీ జరిపే రేకులు ఉండాలి. రసాయనాలు నిల్వచేసిన పీపా వద్దు. మాంసం పెట్టే జాలీకి గానీ, రేకులకు గానీ జింకు పూత అసలే వద్దు, వేడికి వాటి నుంచి హానికరమైన పొగ వస్తుంది. పొడవాటి పట్టకారు, చుట్టూ రంధ్రాలు చేసిన ఖాళీ నూనె డబ్బా, మూత ఉన్న థర్మోకోల్ పెట్టె, నోటు పుస్తకం కావాలి. పుల్ల ఉన్న థర్మామీటర్లు రెండు కొనండి. ఒకటి జాలీ దగ్గరి సెగ చూడటానికి, రెండోది మాంసం లోపల గుచ్చడానికి. పీపా మూతకు బిగించే గుండ్రటి ముల్లు మీటరును నమ్మవద్దు, అది మూత కింది గాలి వేడిని చెబుతుంది కానీ మాంసం ఉన్న చోటి సంగతి చెప్పదు. థర్మామీటరును మరిగే నీళ్ళలో ముంచి చూడండి. మన ప్రాంతం సముద్రమట్టానికి ఎత్తులో ఉంది కాబట్టి 98, 99 డిగ్రీల దగ్గర నిలిస్తే అది సరిగ్గా పనిచేస్తున్నట్టే.

సాధన ఆరుబయటే చేయాలి. గదిలో, మూసిన షెడ్డులో బొగ్గు వెలిగిస్తే ప్రాణానికే ముప్పు.

బొగ్గు

తుమ్మ బొగ్గు వాడండి. మన చెరువు కట్టల మీద, బీడు భూముల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మను అందరూ తిట్టుకుంటారు కానీ దాని బొగ్గు గట్టిది, సెగ ఎక్కువ, చాలాసేపు నిలుస్తుంది. టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి పేరు పడ్డ మెస్కిట్ చెట్టు దీనికి దగ్గరి చుట్టమే. ఇంత మంచి బొగ్గు పక్క ఊరి బట్టీలో దొరుకుతుంటే దుకాణంలో అచ్చు పోసిన బొగ్గు బిళ్ళలు ఎందుకు కొంటారో నాకు అర్థం కాదు. కొనేటప్పుడు ఒక ముక్క విరిచి చూడండి. లోపల నల్లగా మెరుస్తూ, రెండు ముక్కలు తాకిస్తే ఖంగుమనాలి. గోధుమ రంగు కనిపిస్తే అది సగం కాలిన కట్టె, ఘాటు పొగ వస్తుంది. బస్తా వెనక్కి ఇచ్చేయండి.

పొగ వాసన కోసం బత్తాయి కట్టె. నల్లగొండ జిల్లాలో ముదిరిన బత్తాయి తోటలు తీసేసినప్పుడు కొమ్మలు కట్టెల కిందే పోతాయి. బెరడు తీసి, కనీసం ఆరు నెలలు ఆరబెట్టి, పిడికెడంత ముక్కలుగా కొట్టుకోండి. ఒక వంటకు మూడు ముక్కలు ఎక్కువే. వేప, నీలగిరి, రంగు పూసిన చెక్క పొయ్యి దగ్గరికే రాకూడదు. తుమ్మ కట్టెనే నేరుగా వేసేవారూ ఉన్నారు. గంటల తరబడి వండేటప్పుడు దాని పొగ మాంసాన్ని చేదు చేస్తుంది. తుమ్మను బొగ్గుగానే వాడాలి.

సెగను నిలబెట్టడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. దయచేసి ఈ భాగం నెమ్మదిగా చదవండి.

మూడు కిలోల బొగ్గును వెలిగించకుండా పీపాలో ఒక పక్కకు పోగు చేయండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి, మాంసం కూర్చునేది అక్కడ. దాని కింద పళ్ళెంలో నీళ్ళు పోయండి. నూనె డబ్బాలో విడిగా పదిహేను బొగ్గులు కాగితాలతో, వేరుశనగ పొట్టుతో రాజేయండి. కిరోసిన్, పెట్రోలు వద్దు. ప్రమాదం సంగతి అలా ఉంచితే, ఆ వాసన చివరి ముక్క దాకా వదలదు. బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కమ్మాక వాటిని పోగు మీద పరిచి మూత వేయండి. పై బొగ్గుల నుంచి నిప్పు నెమ్మదిగా కిందికి దిగుతూ గంటల తరబడి కాలుతుంది.

మన లక్ష్యం జాలీ దగ్గర 120 డిగ్రీలు. మొదట కింది రంధ్రం పూర్తిగా తెరిచి ఉంచండి. 90 దాటగానే సగం మూయండి. 110కి వచ్చేసరికి వేలెడంత సందు మాత్రమే మిగలాలి. 120 వచ్చాక మూద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. బొగ్గు రాజుకుంది, పీపా రేకు కాగింది, కాబట్టి వేడి 150 దాకా పోయి కూర్చుంటుంది. పెరిగిన సెగను దించడానికి గంట పడుతుంది, తగ్గిన సెగను పెంచడానికి అంతసేపు పట్టదు. అందుకే ఎప్పుడూ కింది నుంచే లక్ష్యానికి చేరాలి.

పై పొగ రంధ్రం మాత్రం మొదటి నుంచి చివరి దాకా తెరిచే ఉండాలి. వేడి తగ్గించాలని దాన్ని మూసేవారిని చూస్తే నాకు బాధేస్తుంది. బయటికి పోలేని పొగ లోపలే మురిగి మసిగా మాంసం మీద పేరుకుంటుంది. సెగను అదుపు చేసే పని కింది రంధ్రానిదే.

రంధ్రాన్ని ఒకసారి జరిపాక పదిహేను నిమిషాలు ఆగండి. మార్పు కనిపించడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. రెండు నిమిషాలకోసారి రేకును అటూ ఇటూ కదిపితే ఏ కదలిక వల్ల ఏమైందో మీకే తెలియదు. పదేపదే మూత ఎత్తి తొంగి చూడటం ఇంకో జబ్బు. ఎత్తిన ప్రతిసారీ ఉన్న వేడి పోతుంది, కొత్త గాలి తగిలి బొగ్గులు ఒక్కసారిగా ఎగుస్తాయి. ముందు చల్లారి, తర్వాత మాడే మాంసం వెనుక ఎక్కువగా ఉండేది ఈ ఆత్రమే.

వేడి దిగడం మొదలైనప్పుడే కొత్త బొగ్గు వేయాలి, పూర్తిగా దిగాక కాదు. దాన్ని డబ్బాలో బూడిద పొర వచ్చేదాకా రాజేసి, ఎనిమిది పది ముక్కలు మాత్రమే వేయండి. పచ్చి బొగ్గును మధ్యలో నేరుగా వేస్తే తెల్లటి దట్టమైన పొగ లేస్తుంది. పొగ పలచగా, లేత నీలంగా ఉండాలి. అనుమానం వస్తే ఒక స్టీలు పళ్ళేన్ని పొగ రంధ్రం మీద నిమిషంసేపు పట్టుకోండి. చల్లారాక వేలితో రాసి నాలుక మీద పెట్టుకోండి. జిగురుగా, చేదుగా తగిలితే మీ మాంసం రుచి కూడా అదే.

గాలి సంగతి మరవకండి. ఆషాఢంలో మన దగ్గర వీచే గాలికి కింది రంధ్రం ఎదురుగా పెడితే ఏ రేకూ సెగను ఆపలేదు. పీపాను గోడ చాటుకు జరిపి, రంధ్రాన్ని గాలికి అడ్డంగా తిప్పండి. పోటీ మైదానంలో గోడ ఉండదు కాబట్టి రెండు రేకులు, నాలుగు ఇటుకలతో అడ్డు కట్టడం కూడా సాధన చేయండి.

ఇప్పుడు మాంసం బదులు రెండు లీటర్ల చన్నీళ్ళ గిన్నె జాలీ మీద పెట్టండి. చల్లటి బరువు పడగానే సెగ దిగుతుంది. కంగారుపడి రంధ్రం బార్లా తెరవకుండా, అది మళ్ళీ కోలుకునేదాకా ఓపిక పట్టడం నేర్చుకోవాలి. పావుగంటకోసారి పుస్తకంలో వేడి, రంధ్రం ఎంత తెరిచారు, గాలి ఎలా ఉంది అన్నవి రాయండి. 110కి, 130కి మధ్య మూడు గంటలు నిలబెట్టాలి. వరుసగా రెండుసార్లు అలా నిలిపేదాకా మటన్ కొనవద్దు. కిలో మటన్ ధరకు ఎంత బొగ్గు వస్తుందో లెక్క వేసుకుంటే ఈ నియమం ఎందుకో తెలుస్తుంది.

మాంసం

గొర్రె ముందు కాలు, భుజంతో కలిపి, కిలోన్నర. మేక వద్దు, కొవ్వు తక్కువ, ఎండిపోతుంది. తొడ చూడటానికి అందంగా ఉంటుంది కానీ ఇంతసేపు మగ్గించడానికి భుజమే సరి. ముందురోజు రాత్రి కిలోకు 12 నుంచి 15 గ్రాముల ఉప్పు పట్టించండి. పొద్దున మిరియాలు, దంచిన ధనియాలు, కొంచెం కారం చల్లితే చాలు. పచ్చి బొప్పాయి ముద్ద పూసి రాత్రంతా ఉంచే అలవాటు మానండి. శీకుల మీద చప్పున కాల్చే ముక్కలకు కొంచెం పనికొస్తుందేమో, నాలుగు గంటలు మగ్గే మాంసానికి మాత్రం పైపొరను గుజ్జు చేస్తుంది. జాలీ మీద పెట్టేదాకా మాంసం ఐస్ పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉండాలి.

జాలీ మీద మగ్గుతున్న మాంసం లోపలి వేడి 65, 75 డిగ్రీల మధ్యకు చేరాక చాలాసేపు ముందుకు కదలదు. పైనుంచి ఆవిరయ్యే తేమ మాంసాన్ని చల్లబరుస్తుంటుంది కాబట్టే ఆ ఆగుడు. భయపడి నిప్పు పెంచవద్దు. తడి అరిటాకులో, ఆపైన అల్యూమినియం రేకులో చుట్టి మళ్ళీ పెట్టండి. ఉత్త రేకు కన్నా అరిటాకు మేలు, పైపొర రేకుకు అంటుకోదు. 90 దాటాక పుల్లతో గుచ్చి చూడండి, వెన్నలోకి దిగినట్టు దిగాలి. ఎముకను పట్టుకుని మెలితిప్పితే కొద్దిగా వదులవ్వాలి. ఎముక ఊడి చేతిలోకి వస్తే అతిగా ఉడికినట్టు, పోటీలో మార్కులు పోతాయి. కోడి విభాగమైతే తొడ ముక్కలే తీసుకోండి, లోపల 74 డిగ్రీలు దాటనిదే ఎవరికీ పెట్టవద్దు.

గడియారం

వెనక నుంచి లెక్క కట్టండి. పన్నెండుకు ఇవ్వాలంటే 11:40కి కోత. 10:30కి మాంసం నిప్పు మీద నుంచి దిగాలి. తువ్వాలులో చుట్టి థర్మోకోల్ పెట్టెలో గంటసేపు ఉంచితే రసం లోపల సర్దుకుంటుంది, వేడి 60కి దిగకుండా ఉంటుంది. పొయ్యి మీద నాలుగున్నర గంటలు, అదనంగా పావుగంట, అంటే 5:45కి మాంసం పెట్టాలి. 4:45కి నిప్పు రాజేయాలి. సాధన రోజూ ఇవే వేళలు పాటించండి. తెల్లవారుజామున మంచులో బొగ్గు రాజుకునే తీరు వేరు, మధ్యాహ్నం ఎండలో వేరు.

రుచి చూసేవారు

ఇంట్లోవాళ్ళు బాగుందనే అంటారు. ఆరుగురిని పిలవండి, వారిలో కనీసం ముగ్గురు మీకు అంతగా చనువు లేనివారై ఉండాలి. వంటగదిలోకి రానివ్వవద్దు. ఒక్కొక్కరికి ఒకే ముక్క, మాటలు లేకుండా పెట్టండి. రూపానికి, రుచికి, మెత్తదనానికి విడివిడిగా మార్కులు వేయించి అన్నిటికన్నా తక్కువ వేసినవారితోనే ఎక్కువసేపు మాట్లాడండి. ముక్కల మధ్య చప్పిడి జొన్నరొట్టె, మంచినీళ్ళు ఇవ్వండి. పోటీలో న్యాయనిర్ణేత తినేది ఒకటి రెండు కొరుకులే కాబట్టి ఉప్పు, పొగ మొదటి కొరుకులోనే తెలియాలి. ఇంట్లో పళ్ళెం నిండా తినేటప్పుడు సరిపోయిన ఉప్పు అక్కడ చప్పగా అనిపిస్తుంది.

ఒక సాధనకు ఒక్కటే మార్చండి: ఉప్పు, లేదా కట్టె ముక్కల సంఖ్య, లేదా చుట్టే వేళ. పోటీకి మూడు రోజుల ముందు అన్ని మార్పులూ ఆపేయండి. అదే బట్టీ బొగ్గు రెండు బస్తాలు విడిగా తీసి, నేల చెమ్మ తగలకుండా ఇటుకల మీద పెట్టి, పైన పట్టా కప్పి ఉంచండి.