హార్న్ కొనే ముందు పాడి చూడండి: పర్లాకిమిడి నుంచి ఒక బ్యాండ్ మాస్టారి సలహాలు

ఫ్రెంచ్ హార్న్ (చుట్టలు చుట్టిన ఇత్తడి గొట్టం వాయిద్యం) నేర్చుకుంటామని వచ్చే పిల్లల్ని నేను ముందు పాడమంటాను. సరళీ వరసలు చాలు. "మాస్టారూ, నేను వాయించడానికి వచ్చాను కదా" అంటారు. ఈ వాయిద్యంలో గొంతులో పలకని స్వరం గొట్టంలో పలకదు. ఆర్మీ బ్యాండ్‌లో హార్న్ వాయించి రిటైరయ్యాక పర్లాకిమిడిలో ఉంటున్నాను. ఇక్కడి పిల్లలతో పాటు సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కూడా నేర్చుకోవడానికి వస్తారు. అందరికీ చెప్పే మొదటి మాట ఇదే.

కారణం గొట్టం పొడవులో ఉంది. హార్న్ ఎఫ్ వైపు, అంటే ఎఫ్ శ్రుతికి కట్టిన గొట్టం, చుట్టలన్నీ విప్పితే సుమారు 12 అడుగులు. ట్రంపెట్ నాలుగున్నర అడుగులే. గొట్టం పొడుగైన కొద్దీ మనం వాయించే స్థాయిలో స్వరాలు దగ్గర దగ్గరగా ఇరుక్కుంటాయి. ఒక్క మీట కూడా నొక్కకుండా పెదవుల బిగువు మారిస్తే చాలు, స గ ప ని, ఆపైన స రి గ మ ప వరసగా వస్తాయి. అంటే సరైన మీట నొక్కినా పక్క స్వరం పలికే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఊదే ముందే ఆ స్వరం చెవిలో మోగుతూ ఉండాలి.

ఇక కొనే సంగతి. షాపువాళ్లు మెల్లోఫోన్‌ని (హార్న్‌లాగే కనిపించే వేరే ఇత్తడి వాయిద్యం) చూపించి ఇదే ఫ్రెంచ్ హార్న్ అంటారు. కుడిచేత్తో నొక్కే పిస్టన్లు (పైకీ కిందికీ కదిలే మీటలు) ఉంటే అది మనకి కావలసింది కాదు. హార్న్ మీటలు ఎడమచేతికి ఉంటాయి, కుడిచెయ్యి గంట, అంటే వాయిద్యం వెడల్పాటి మూతి, లోపల ఉంటుంది. చిన్నపిల్లలకి ఒకే శ్రుతి గొట్టమున్న సింగిల్ హార్న్ తేలిక. పన్నెండు పదమూడేళ్లు దాటినవాళ్లకి డబుల్ హార్నే మంచిది. దానిలో బొటనవేలి మీట నొక్కగానే 12 అడుగుల ఎఫ్ గొట్టం బదులు 9 అడుగుల బి ఫ్లాట్ గొట్టంలోకి గాలి మళ్లుతుంది. పై స్వరాలు అక్కడ కాస్త ఎడంగా ఉంటాయి కాబట్టి గురి తప్పడం తగ్గుతుంది.

పేరున్న కంపెనీ డబుల్ హార్న్ కొత్తది లక్షల్లో ఉంటుంది. అందుకే నేను సెకండ్ హ్యాండే కొనమంటాను. యమహా 567, హోల్టన్ 179 దొరికితే వదలొద్దు. కాన్ 8డి గొప్ప వాయిద్యమే కానీ గంట పెద్దది, ఊపిరి బాగా కావాలి, పిల్లలకి బరువు. మీరట్ జలీ కోఠీలో తయారయ్యే బ్యాండ్ సామానంటే నాకు గౌరవం. కానీ హార్న్ రోటర్లు (మీట నొక్కితే తిరిగి గాలి దారి మార్చే వాల్వులు) సందు లేకుండా అమరాలి కాబట్టి ఎక్కడ చేసినదైనా చేతిలోకి తీసుకుని పరీక్షించకుండా డబ్బు ఇవ్వకండి.

పరీక్ష ఇలా చెయ్యండి. మీట నొక్కకుండా దాని స్లయిడ్‌ని (జారి బయటికి వచ్చే గొట్టం ముక్క) మెల్లగా బయటికి లాగండి. చివర్లో "టప్" మని శబ్దం వస్తే వాల్వ్ గాలి పోనివ్వడం లేదని అర్థం. ఏ చప్పుడూ లేకుండా జారి వచ్చేస్తే లోపల అరిగిపోయిందనుకోవచ్చు. తర్వాత రోటర్ మూత విప్పి చూడండి. మీట నొక్కినప్పుడూ వదిలినప్పుడూ లోపలి గీతలు ఎదురెదురుగా నిలవాలి. అవి తప్పితే కార్క్ మార్పిస్తే సరిపోతుంది, దానికి భయం వద్దు. భయపడాల్సింది మౌత్‌పీస్ (పెదవులకి ఆనించి ఊదే ముక్క) దూరే గొట్టం గురించి. ఫోన్ టార్చ్ వేసి చూడండి, ఎర్రగా గులాబీ చుక్కలు కనిపిస్తే ఇత్తడిలో జింక్ పోయి లోహం తినేస్తోందన్నమాట. గంట మీద చిన్న సొట్టలుంటే పట్టించుకోకండి. ఆ గొట్టంలో ఉంటే మాత్రం బేరం మానుకోండి. సొట్ట తీయించాలంటే బుడితి ఇత్తడి పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలనిపిస్తుంది. వాళ్ల చేతిపనికి వంక పెట్టలేం గానీ హార్న్ రేకు చాలా పల్చన. దగ్గర్లో వేడి తగిలితే రోటర్ వంకరపోతుంది. బ్యాండ్ వాయిద్యాలు బాగుచేసేవాళ్లకే ఇవ్వండి.

గంట విప్పుకునే స్క్రూ బెల్ ఉంటే గుణుపురం రైల్లోనైనా బస్సులోనైనా ఒళ్లో పెట్టుకోవచ్చు.

మౌత్‌పీస్ మీద పొదుపు చెయ్యకండి. లోపలి వెడల్పు 17 నుంచి 18 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కొత్తవాళ్లకి 17.5 నప్పుతుంది. పై పెదవి మీద రెండు వంతులు, కింది పెదవి మీద ఒక వంతు ఆనించండి. పైకి వెళ్లడానికి పెదవికేసి నొక్కారంటే ఆ రోజుకి పెదవి పనిచెయ్యదు. ఊపిరి వేగం పెంచండి.

సాధనకి నా పద్ధతి మనవాళ్లకి తేలికే. శ్రుతి పెట్టె నాలుగో శ్రుతిలో పెట్టండి, అదే ఎఫ్. మీట నొక్కకుండా స పట్టి ఊపిరి అయ్యేదాకా సన్నగా మొదలెట్టి పెంచి మళ్లీ తగ్గించండి. తర్వాత స గ ప స, నాలుక తగలకుండా ఒకే ఊపిరిలో. అక్కడ వచ్చే గాంధారం హార్మోనియం గాంధారం కన్నా కొంచెం కింద ఉంటుంది. శ్రుతిలో కలిసి వింటే ఎంత హాయిగా ఉంటుందో! మీట నొక్కకుండా అడుగు నుంచి వరసగా లెక్కిస్తే ఏడో స్వరంగా వచ్చే నిషాదం మాత్రం మరీ కింద, పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ మధ్యలో. ఆ రెండింటినీ మీటలతోనే వాయించాలి. ఇవి కుదిరాక సరళీ వరసలు, ఆ తర్వాత కోప్రాష్ పాఠాలు (హార్న్ సాధన పుస్తకం). ఎంతసేపు ఊదారో అంతసేపు విశ్రాంతి ఇవ్వండి.

కుడిచెయ్యిని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. వేళ్లు కలిపి, అరచేయి కాస్త గుంటగా చేసి, వేళ్ల వెనుక భాగం గంట లోపలి గోడకి ఆనించండి. కొద్దిగా మూస్తే శ్రుతి దిగుతుంది. పూర్తిగా మూసేస్తే అర స్వరం పైకెక్కి, కంచులాంటి ధ్వని వస్తుంది. మొజార్ట్ హార్న్ కోసం రాసిన కాలానికి వాల్వులే లేవు, అవి 1810ల్లో వచ్చాయి. మధ్య స్వరాలన్నీ చేత్తోనే పలికించేవారు.

రోటర్లకి రోటర్ ఆయిలే వాడండి. కొబ్బరినూనె వద్దు, చలికాలంలో పేరుకుని మీట కదలదు. రోటర్‌కి చుట్టే దారం తెగితే చేపల గాలానికి వాడే అల్లిక దారం చక్కగా పనిచేస్తుంది. ఒక మూర కేసులో పెట్టుకోండి.

కాస్త చెయ్యి తిరిగాక చర్చి కీర్తనల్లో ఆల్టో వరస (నాలుగు గొంతుల్లో పైనుంచి రెండోది) వాయించండి, హార్న్ కోసమే రాసినట్టుంటుంది. హార్న్ ఎఫ్ వాయిద్యం కాబట్టి పుస్తకంలోని స్వరాన్ని ఐదో స్వరానికి పెంచి రాసుకోవాలి, స అంటే ప అన్నమాట. క్రిస్మస్ క్యారల్స్‌కి వాయించాలనుకుంటే సెప్టెంబరులోనే కూర్చుని రాసుకోండి, డిసెంబరులో టెన్షన్ ఉండదు.