పాయింట్ అండ్ షూట్ ఫిల్మ్ కెమెరా: అది ఎక్కడ పొరబడుతుందో తెలిసి వాడడం

గురిచూసి బటన్ నొక్కితే చాలు, దూరం, వెలుతురు, ఫ్లాష్ అన్నీ ఈ కెమెరాయే చూసుకుంటుంది. 1977లో కోనికా సి35 ఏఎఫ్ అనే కెమెరా, దూరాన్ని తానే సరిచేసుకునే ఆటోఫోకస్‌ను సామాన్యుల చేతికి తెచ్చినప్పటి నుంచి ఈ సౌకర్యం పెరుగుతూనే వచ్చింది. అయితే రీలు కడిగించేదాకా ఫలితం కనబడదు కనుక, కెమెరా తనంతట తాను చేసే నిర్ణయాలు ఎక్కడ తప్పుతాయో ముందే తెలుసుకుని ఉండాలి.

ఇప్పుడు దొరికేవి చాలావరకు ఒకరు వాడినవే. వీటి లోపలి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ చెడిపోతే బాగుచేయడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఒలింపస్ మ్యూ-2, కాంటాక్స్ టి2 వంటి పేరున్న మోడళ్ళకు భారీ ధర పెట్టడం నా దృష్టిలో వివేకం కాదు. జూమ్ లేని సాదా కెమెరా ఏదైనా సక్రమంగా పనిచేస్తే చాలు. కొనే ముందు కొత్త బ్యాటరీ వేసి ఫ్లాష్ వెలుగుతున్నదో లేదో చూడాలి. బ్యాటరీ గదిలో తుప్పు, వెనుక తలుపు అంచున జిగురుగా మారిన నల్లని స్పాంజి ఉన్నాయేమో పరిశీలించాలి. ఆ స్పాంజి పాడైతే వెలుతురు లోపలికి చొరబడి ఫిల్మ్ మీద చారలు పడతాయి, కానీ దానిని మార్చుకోవడం తేలికే. కెమెరాను మాత్రం సొంతంగా విప్పకూడదు. బ్యాటరీ తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.

రీలు డబ్బా మీద కనిపించే నలుపు, వెండి రంగు గళ్ళను డీఎక్స్ కోడ్ అంటారు. 1983లో వచ్చిన ఈ గుర్తును చదివే కెమెరా ఫిల్మ్ వేగాన్ని, అంటే అది వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో గ్రహిస్తుంది. ఆ వేగాన్ని ఐఎస్ఓ అంకెతో చెబుతారు; అంకె పెరిగితే తక్కువ వెలుతురు చాలు. కోడ్ లేని రీలు వేస్తే చాలా కెమెరాలు దానిని ఐఎస్ఓ 100గానే భావిస్తాయి. అప్పుడు 400 ఫిల్మ్‌కు రెండు స్టాపులు ఎక్కువగా, అంటే కావలసినదానికి నాలుగింతల వెలుతురు పడినా, కలర్ నెగటివ్ అనే మామూలు రంగుల ఫిల్మ్ ఆ మాత్రం ఓర్చుకుంటుంది. అది ఓర్చుకోలేనిది వెలుతురు చాలకపోవడాన్నే. అందుకే మొదటి రీలుగా 400 ఎంచుకోవడం మంచిది. ఫ్లాష్ కూడా 100 ఫిల్మ్‌తో పోలిస్తే రెట్టింపు దూరం అందుకుంటుంది. జూమ్‌ను పూర్తిగా చాచినప్పుడు లెన్స్‌లోకి వచ్చే వెలుతురు బాగా తగ్గిపోతుంది కనుక, అటువంటి కెమెరాలకు ఈ ఫిల్మ్ మరింత అవసరం.

రీలును నీడలోనే ఎక్కించాలి. ఫిల్మ్ కొసను లోపలి గుర్తు దాకా వదులు లేకుండా పరచి తలుపు మూయాలి. ఫొటోల లెక్క చూపే చోట అంకె 1 రాకపోతే ఫిల్మ్ పట్టుకోలేదని అర్థం. కొన్ని కెమెరాలు మాత్రం మొదటే ఫిల్మ్‌నంతా బయటికి చుట్టి, తీసిన ఫొటోలను ఒక్కొక్కటిగా డబ్బాలోకి లాక్కుంటాయి. వాటిలో అంకె తగ్గుతూ వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫొటోలు పాడయ్యేది ఫోకస్ దగ్గరే. కెమెరా సాధారణంగా ఫ్రేము నడిమధ్యనే చూస్తుంది కాబట్టి, పక్కపక్కన నిలిచిన ఇద్దరిని తీస్తే వారి మధ్య సందులో కనిపించే గోడ స్పష్టంగా వచ్చి, ముఖాలు మసకబారతాయి. ముందుగా ఒకరి ముఖం మీద గురిపెట్టి బటన్‌ను సగం నొక్కి పట్టుకుని (అప్పుడు ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది), తరువాత ఫ్రేము సరిచేసుకుని పూర్తిగా నొక్కాలి. ఇన్‌ఫ్రారెడ్ కిరణంతో దూరం కొలిచే కెమెరాలు కిటికీ అద్దం ముందు మోసపోవచ్చు. కొండ గుర్తున్న ల్యాండ్‌స్కేప్ మోడ్ ఉంటే అక్కడ దానిని వాడుకోవాలి. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లెన్స్‌కు పక్కగా ఉంటుంది గనుక, దగ్గరి వస్తువులను తీసేటప్పుడు అందులోని చిన్న గీతల లోపలే ఫ్రేము కట్టాలి.

ఫ్లాష్‌ను కెమెరా ఇష్టానికి వదిలేయకూడదు. దూరంగా ఉన్న వేదికకు దాని వెలుగు అందదు. ఎండ వెనుక నుంచి పడుతున్నప్పుడు మాత్రం, పట్టపగలైనా ఫ్లాష్‌ను బలవంతంగా వెలిగిస్తే ముఖం నల్లబడదు. సాయంకాలం ఫ్లాష్ ఆపితే షటర్ నెమ్మదించి, చేయి కదిలినా ఫొటో మసకబారుతుంది, కాబట్టి కెమెరాను గోడకో బల్లకో ఆనించాలి. మ్యూ-2 వంటివి మూసి తెరిచిన ప్రతిసారీ ఫ్లాష్‌ను మళ్ళీ ఆటోకు మార్చేస్తాయి. ఈ విసుగును భరించక తప్పదు.

రీలు పూర్తయ్యాక మోటారు శబ్దం ఆగేదాకా తలుపు తెరవరాదు. విమానాశ్రయంలో సామాను తనిఖీకి వాడే సీటీ స్కానర్లు (బలమైన ఎక్స్‌రే యంత్రాలు) ఫిల్మ్‌ను పాడుచేస్తాయి కనుక చేతితో తనిఖీ చేయమని కోరాలి. ల్యాబ్‌లో స్కాన్లతో పాటు నెగటివ్‌లను కూడా అడిగి తీసుకోవాలి. కొన్ని నెలలు వాడకపోతే, కెమెరాను లోపల పెట్టే ముందు బ్యాటరీ తీసేయాలి.