ఐన్‌స్టీన్ ఆ మాట నిజంగా అన్నాడా? గోడ మీద రాయించే ముందు ఎలా చూసుకోవాలి?

ఫిబ్రవరి 28, సైన్స్ దినోత్సవం. పలాస చుట్టుపక్కల జీడి తోటలు పూత మీద ఉండే రోజులు. ఆ పూత మీద వాలే తేనెటీగల గురించి మా బడి పిల్లలు చార్టు వేశారు. పైన పెద్ద అక్షరాలతో "తేనెటీగలు అంతరిస్తే మనిషి బతికేది నాలుగేళ్లే: ఐన్‌స్టీన్" అని రాశారు. బాగుంది, బడి గోడ మీద కూడా రాయిద్దామనుకున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది, "మాస్టారూ, ఈ మాట ఆయన ఎప్పుడన్నాడండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం కూర్చుని వెతికాను. మీరూ ఇలాగే వెతకవచ్చు.

ముందు ఆ మాటకు చిరునామా ఉందేమో చూడండి. "జ్ఞానం కన్నా ఊహాశక్తి ముఖ్యం" అన్న మాటకు ఉంది. 1929 అక్టోబర్ 26 నాటి సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో, వీరెక్ అనే ఆయన చేసిన ఇంటర్వ్యూలో అచ్చయింది. తేదీ, పత్రిక, ప్రశ్న అడిగిన మనిషి, అన్నీ తెలుస్తున్నాయి. వాట్సాప్‌లో వచ్చే ఫొటోల మీద పేరు తప్ప ఇవేవీ ఉండవు. వంద చోట్ల కనిపించిందని నమ్మేయకండి. ఒకరిది చూసి ఇంకొకరు రాసుకుంటే వందయినా లెక్కకు ఒక్కటే.

తెలుగులో వెతికితే అసలు మూలం దొరకడం కష్టం. ఇంగ్లిష్ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ప్రముఖుల మాటలు పోగుచేసే వెబ్‌సైట్ వికీకోట్‌లో, ఐన్‌స్టీన్ ఇంగ్లిష్ పేజీలో అనుమానమున్న మాటలు, తప్పుగా అంటగట్టినవి విడిగా ఉంటాయి. ఐన్‌స్టీన్ రచనల సంపుటాలను ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ 2014 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతోంది. ఆయన ఎక్కువగా జర్మన్‌లో రాశాడు కాబట్టి అనువాద సంపుటాలు తెరవండి.

తర్వాత తేదీలు పక్కపక్కన పెట్టండి. ఐన్‌స్టీన్ పోయింది 1955 ఏప్రిల్ 18న. "చేసిందే మళ్లీ మళ్లీ చేస్తూ వేరే ఫలితం ఆశించడమే పిచ్చి" అన్నది కూడా ఆయన పేరుతోనే తిరుగుతోంది. అది 1981లో మత్తు అలవాటు మాన్పించే ఒక సంస్థ ప్రచురణలో కనిపిస్తుంది. తేనెటీగల మాట 1994లో బ్రస్సెల్స్‌లో ఫ్రెంచ్ తేనె రైతులు నిరసనలో పంచిన కరపత్రాలతో బాగా పాకింది. ఆయన రాతల్లో, ప్రసంగాల్లో దాని జాడ ఎవరికీ దొరకలేదు.

చివరగా, పేరు తీసేసి విషయాన్ని చూడండి. వరి దాదాపుగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది. మొక్కజొన్నకు గాలి చాలు. కాబట్టి నాలుగేళ్ల లెక్క నిలబడదు. జీడి సంగతి వేరు, పూత పిక్క కట్టాలంటే పురుగుల సాయం కావాలి. పిల్లలు చెప్పాలనుకున్నదీ అదే.

గోడ మీద ఐన్‌స్టీన్ పేరు వేయలేదు. "మా జీడి పూతకు తేనెటీగలు కావాలి" అని రాయించాం. కింద, ఆ అమ్మాయి చెప్పినట్టే, తొమ్మిదో తరగతి అనీ ఆ రోజు తేదీ అనీ వేశాం.