పాత ఫోన్లు, చచ్చిన ఛార్జర్లు: బెంగళూరులో ఎవరికి, ఎలా ఇవ్వాలి

ఆయుధ పూజకు ఇళ్లు దులపడం మొదలైతే చాలు, మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న: "ఆంటీ, పాత ఫోన్లు ఎవరికియ్యాలి?" అసోసియేషన్‌లో ఈ-వేస్ట్ పని నా నెత్తిన పడింది కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

నేల మీద న్యూస్‌పేపర్ పరిచి సొరుగు మొత్తం దాని మీద కుమ్మరించండి. పనిచేసే ఫోన్ ఉంటే మళ్లీ సొరుగులోకి పోనివ్వకండి. ఊళ్లో అత్తగారికో, వాచ్‌మన్ పిల్లలకో ఇచ్చేయండి, లేదా ఎక్స్ఛేంజ్‌లో వేసేయండి. ఇంకో రెండేళ్లు దాచారంటే అప్‌డేట్లు ఆగిపోయి బ్యాంకు యాప్ ఎక్కదు. అప్పుడు ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు.

చేయి మారే ప్రతి ఫోన్‌కీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. మన ఆధార్, పాస్‌బుక్ ఫోటోలన్నీ గ్యాలరీలోనే కదా ఉండేది! ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి. సిమ్, మెమరీ కార్డు పీకేయండి. యూపీఐ యాప్‌ల నుంచి లాగౌట్ అవ్వండి. తర్వాత గూగుల్ అకౌంట్ తీసేసి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ఈ వరస తప్పితే, తీసుకున్నవాళ్లు ఫోన్ ఆన్ చేసినప్పుడు మీ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. ఐఫోన్ అయితే ఫైండ్ మై (పోయిన ఫోన్‌ని వెతికే సదుపాయం) ఆపాలి. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఎవరూ చదవలేని రూపంలో ఉంటుంది, రీసెట్‌తో దాని తాళంచెవి పోతుంది కాబట్టి అంతకంటే చేయాల్సిందేమీ లేదు. 2015కి ముందువి చాలా వరకు అలా కావు. వాటిలో ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత రీసెట్ చేయండి. స్క్రీన్ పోయి ఆన్ కాని ఫోన్‌ని వేరే ఫోన్ నుంచి మీ గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి సైన్ ఔట్ చేయొచ్చు. కానీ లోపలి ఫోటోలు అలాగే ఉంటాయి. దాన్ని రసీదు ఇచ్చే రీసైక్లర్‌కి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దు.

ఇక బ్యాటరీలు. నాకు అసలు భయం వీటితోనే. ఫోన్ వెనక మూత పైకి లేచిందంటే లోపల బ్యాటరీలో గ్యాస్ చేరి అప్పడంలా పొంగిందన్నమాట. దాన్ని నొక్కి మూత మూయడం, "ఒక్కసారి ఛార్జింగ్ పెట్టి చూద్దాం" అనడం, కత్తితో ఊడబీకడం, ఈ మూడూ వద్దు. ఇసుక పోసిన రేకు డబ్బాలో వేసి బాల్కనీలో, ఎండ తగలని చోట పెట్టండి. విడి బ్యాటరీలకు కొసల మీద టేపు అంటించండి. చెత్త బుట్టలో మాత్రం వేయకండి. ఆటో టిప్పర్ తీసుకెళ్లిన చెత్తని కాంపాక్టర్ లారీ అదుముతుంది. అక్కడ లిథియం బ్యాటరీ చితికితే మంటే.

చెత్త విడదీసి ఇవ్వాలని 2015లో హైకోర్టు ఆర్డర్ వచ్చినప్పటి నుంచి మన ఊళ్లో రెండు బుట్టలు (తడి చెత్తకి ఒకటి, శానిటరీ చెత్తకి ఒకటి), పొడి చెత్తకి ఒక సంచి అలవాటైపోయింది. ఈ-వేస్ట్ ఆ మూడింట్లో దేనిలోకీ రాదు. ఛార్జర్ వెనక చూడండి, చక్రాల చెత్తబుట్ట మీద ఇంటూ గుర్తు ఉంటుంది. దాని అర్థం అదే.

మరి గుజిరీ ఆయనకి, అంటే పాత సామాన్లు కొనే ఆయనకి ఇస్తే? పేపర్లు, సీసాలు, ఇనుము ఆయనకే ఇవ్వండి, ఆ పని ఆయనంత బాగా ఎవరూ చేయరు. కానీ వైర్లు, బోర్డులు ఆయన దగ్గర ఆగవు. చేతులు మారి మారి, రాగి కోసం వైర్లు కాల్చేవాళ్ల దగ్గరికి, బంగారం కోసం బోర్డులు యాసిడ్‌లో ముంచేవాళ్ల దగ్గరికి చేరతాయి. వైర్ల మీద ఉండే పీవీసీ ప్లాస్టిక్ కాలిస్తే వచ్చే పొగలో డయాక్సిన్లనే విషాలు ఉంటాయి. పాత డబ్బా టీవీ అయితే రాగి, బోర్డు తీసుకుని, సీసం ఉన్న గాజు ట్యూబుని ఏదో ఒక ఖాళీ సైటులో పారేసి పోతారు. ఆ వచ్చే యాభై, వంద కోసం నేనైతే ఇవ్వను. భోగి మంటలో పాత రిమోట్లు, వైర్లు వేసేవాళ్లు మా బ్లాకులోనూ ఉన్నారు. పిల్లలు చుట్టూ నిలబడే మంట కదా అది!

ఎవరికి ఇవ్వాలంటే, మొదట కంపెనీకే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం, అమ్మిన సరుకుకు తగ్గట్టు పాతది రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. రెండోది మీ వార్డు డ్రై వేస్ట్ సెంటర్. కొన్ని తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు, అడగాలి. అపార్ట్‌మెంట్ వాళ్లయితే అందరి సామానూ ఒక డ్రమ్ములో పోగేసి రీసైక్లర్‌ని పిలిపించుకోవడం తేలిక, మూడు ఛార్జర్ల కోసం ఎవరూ బండి వేసుకుని రారు. తుమకూరు రోడ్డులో దాబస్‌పేట దగ్గరున్న ఈ-పరిసర దేశంలోనే అనుమతి పొందిన తొలి ఈ-వేస్ట్ రీసైక్లర్లలో ఒకటి. ఇలాంటివాళ్ల జాబితా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో ఉంటుంది. గేటు దగ్గరికి వచ్చి "మేం రీసైక్లర్లం మేడమ్" అన్నవాళ్లని ఆ అనుమతి పత్రం చూపించమనండి. కొందరు అప్పటికప్పుడే బండి తిప్పుకుంటారు.

ఫోన్ ఇచ్చేటప్పుడు స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి ఐఎంఇఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి వేరుగా ఉండే గుర్తింపు నంబర్) రాసుకోండి, రసీదు మీద దాన్ని వేయించుకోండి. రేపు ఆ ఫోన్ ఎవరి చేతిలో పడి ఏం జరిగినా, మీరు ఫలానా రోజే ఇచ్చేశారన్న రుజువు ఉంటుంది.

ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టపెట్టెలో విడిగా ఇవ్వండి. యూపీఎస్ బ్యాటరీ ఈ లెక్కలోకి రాదు, అది సీసం, దానికి మంచి ధరే ఉంది. కొత్తది కొనే షాపులోనే పాతది ఇచ్చి బిల్లులో తగ్గించమనండి. మీరు అడగకపోతే చాలామంది వాళ్లంతట వాళ్లు చెప్పరు.