ఏ హ్యాండ్‌బ్యాగు ఉంచాలి, ఏది వదిలేయాలి?

హ్యాండ్‌బ్యాగులు తగ్గించుకుందామని కూర్చున్నవాళ్లు చాలామంది గంటలోపే చేతులెత్తేస్తారు. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని "ఇది నాకు ఇష్టమేనా?" అని అడుక్కుంటారు. ఇష్టపడే కొన్నారు కాబట్టి అన్నిటికీ అవుననే జవాబొస్తుంది, అన్నీ తిరిగి బీరువాలోకే పోతాయి. అందుకే ఇష్టం సంగతి చివరికి పెట్టుకోండి. ముందు చూడాల్సింది బ్యాగు దేనితో చేశారన్నది. కొన్ని రకాలు దాచుకున్నంత మాత్రాన మిగలవు. వాడినా, వాడకుండా అట్టేపెట్టినా వాటి గడువు నడుస్తూనే ఉంటుంది.

అన్నీ ఒకచోటికి

మంచం మీదో నేల మీదో పాత దుప్పటి పరిచి, ఇంట్లో ఉన్న బ్యాగులన్నీ దాని మీదికి తెండి. బీరువాలోవే కాదు, అటక మీదవి, సూట్‌కేసుల్లో ఇరికించినవి, పెద్ద బ్యాగు కడుపులో ఉన్న చిన్న బ్యాగులూ రావాలి. దుప్పటి తప్పనిసరి. పెచ్చులూడే బ్యాగు ఒక్కటున్నా ఆ నల్లపొడి పరుపుకి అంటుకుంటుంది.

రంగుల వారీగా కాకుండా పనుల వారీగా కుప్పలు పెట్టండి. రోజూ పనికి వెళ్లేవి, ప్రయాణానివి, శుభకార్యాలకి పట్టుకెళ్లేవి, ఊరికే బయటికెళ్లేటప్పుడు తగిలించుకునేవి. ఇలా పేర్చగానే అసలు సంగతి బయటపడుతుంది. ఇరవై బ్యాగులున్నట్టు అనిపించినా, అందులో ఎనిమిది ఒకే పని చేసే నల్ల బ్యాగులై ఉంటాయి.

ప్రతి బ్యాగునీ పూర్తిగా ఖాళీ చేయండి. లైనింగుకి చిరుగు ఉంటే వస్తువులు దానికీ బయటి పొరకీ మధ్యకి జారిపోతాయి. అడుగు కుట్టు వెంబడి వేళ్లతో నొక్కుతూ వెళ్తే గట్టిగా తగులుతాయి: నాణేలు, చెవిదుద్దులు, మెమరీ కార్డులు. పేరూ ఫోన్ నంబరూ ఉన్న బిల్లులు, మందుల చీటీలు బ్యాగుతో పాటు ఇంకొకరి చేతికి పోకూడదు.

లెదరా, రెక్సినా?

లోపల ఉన్న చీటీ మీద రాసింది ఒక్కటే నమ్మకండి. పట్టీ చివర గానీ లోపలి జేబు అంచు గానీ, కోసిన అంచు కనిపించే చోటు వెతకండి. తోలైతే అంచు పీచుపీచుగా ఉంటుంది. రెక్సినైతే పైన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని కింద బట్ట నేత కనిపిస్తాయి. వేలితో నొక్కితే తోలు మీద ముడతలు ఎటు పడితే అటు పరుచుకుంటాయి, రెక్సిన్ మీది గరుకు మాత్రం అచ్చు గుద్దినట్టు అంతటా ఒకేలా ఉంటుంది. నీటిచుక్క వేసి చూడమని చెప్తుంటారు గానీ దాన్ని నమ్ముకోకండి. పైపూత ఉన్న అసలు తోలు కూడా నీటిని పీల్చుకోదు.

రెక్సిన్‌లో ఇప్పుడు ఎక్కువగా వచ్చేది పాలీయూరిథేన్, పీయూ అంటారు. గాలిలోని తేమ ఆ పొరని లోలోపలే విరగ్గొడుతూ ఉంటుంది. వెచ్చగా, తేమగా ఉన్నచోట ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బాగా చూసుకుందామని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూటగట్టి పెట్టిన బ్యాగు, లోపల చిక్కుకున్న తేమ వల్లే ముందుగా పాడవుతుంది. మొదట హ్యాండిల్ అడుగువైపో లోపలి జేబో జిగటగా తగులుతుంది. తర్వాత మడత పడే చోట్ల వెంట్రుకవాసి గీతలు. ఆపైన పెచ్చులు.

పరీక్ష ఇది. కిటికీ దగ్గర వెలుతురులో బ్యాగు పైమూతని మడత దగ్గర వంచండి. ఆ మడత మీద బొటనవేలితో ఓ పది సెకన్లు రుద్దండి. వేలికి పొడి అంటినా, గీతల్లోంచి బట్ట తొంగిచూసినా పాడవడం మొదలైనట్టే. ఇక ఆపలేం. లెదర్ క్రీము రాసినా లాభం లేదు, అది ప్లాస్టిక్‌లోకి ఇంకదు. ఊడినచోట రంగు వేసినా, జిగురు పెట్టినా దాని పక్కనుంచి మళ్లీ లేస్తుంది. అలాంటి బ్యాగుని ఇంకొకరికి ఇవ్వడం కూడా సాయం కాదు, వాళ్ల బట్టల నిండా పొడి రాలుతుంది.

అదే రెక్సిన్ బ్యాగు ఇంకా బాగుండి, మీకు నచ్చిందైతే, "మంచిది కదా, దాచుకుందాం" అనుకోకండి. రేపటి నుంచే తగిలించుకోండి. లేదంటే బాగున్నప్పుడే ఎవరికైనా ఇచ్చేయండి. బీరువాలో పెట్టడం ఒక్కటే దానికి పనికిరాని పని.

పీవీసీ, అంటే మెరిసే ప్లాస్టిక్‌లాంటి రకం, వేరే దారిలో పాడవుతుంది. మెత్తగా ఉండటానికి కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా పైకి ఊరి జిగటవుతుంది. దాని పక్కన లేతరంగు తోలు బ్యాగు పెడితే ఆ తోలుకి మరక పడుతుంది. ఒకటి ఉంచుకోవాలనుకున్నా మిగతావాటికి తగలకుండా పెట్టండి. పేటెంట్ లెదర్‌కీ, అంటే అద్దంలా మెరిసే పూత వేసిన తోలుకీ, ఇదే జాగ్రత్త.

బాండెడ్ లెదర్ అని ఇంకోటుంది. తోలు తుక్కుని జిగురుతో కలిపి రేకుగా చేసి, పైన పీయూ పూస్తారు. చీటీ మీద లెదర్ అని ఉన్నా పెచ్చులు మాత్రం రెక్సిన్‌లాగే ఊడతాయి. దాన్ని రెక్సిన్ కుప్పలోనే వేయండి.

అసలు తోలుకి మాత్రం ఓపిక ఎక్కువ. వాడిపోయినట్టున్నా, మూలలు గీరుకుపోయినా, ఎండి బిగుసుకుపోయినా చాలావరకు దారికొస్తుంది. కనపడని చోట ముందు కొంచెం రాసి చూసి, లెదర్ కండిషనర్‌ని మెత్తటి బట్టతో పల్చగా పట్టించి, ఒక రాత్రి వదిలేయండి. పగుళ్ల దగ్గర మాత్రం తేడా తెలుసుకోవాలి. పగులుని రెండు గోళ్లతో నెమ్మదిగా విడదీసి చూడండి. పైపూతలోనే ఉంటే బాగుచేసే మనిషి రంగుతో సరిచేయగలడు. లోపలి పీచు కనిపిస్తే అక్కడ తోలు తెగుతున్నట్టు. కండిషనర్ దాన్ని మెత్తబరుస్తుంది గానీ అతకదు.

తెల్లమచ్చలన్నీ బూజు కాదు

తోలు బ్యాగు మీద తెల్లటి పొర చూసి భయపడి పారేసేవాళ్లున్నారు. తోలులోని కొవ్వు పైకి ఊరినా అలాగే కనిపిస్తుంది. హెయిర్ డ్రయర్‌ని తక్కువ వేడి మీద, ఒక జానెడు దూరంలో కొద్ది సెకన్లు పట్టండి. కొవ్వైతే కరిగి మాయమవుతుంది, బట్టతో తుడిస్తే చాలు. బూజైతే చెక్కుచెదరదు. నూగులా ఉండి, ముక్కిన వాసన వేస్తుంది.

బూజైతే బ్యాగుని ఆరుబయటికి తీసుకెళ్లి పొడిబట్టతో తుడిచి, ఆ బట్ట పారేయండి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్లు కలిపి, తడి తగిలీ తగలనట్టున్న బట్టతో ఒకసారి తుడవండి. ఇది కొన్ని తోళ్ల రంగు లేపేస్తుంది కాబట్టి అడుగున ఒక చోట చూసుకున్నాకే మొదలుపెట్టాలి. నీడలో, గాలి తగిలేలా ఆరనివ్వండి. ఎండలో పెడితే తోలు బిగుస్తుంది, రంగు వెలుస్తుంది. వారం రోజులు గాలికి పెట్టాక కూడా వాసన తిరిగొస్తోందంటే బూజు లైనింగులోకో లోపలి అట్టలోకో దిగిందన్నమాట. ఆ బ్యాగుని వదిలేయడమే మేలు, లేకపోతే పక్కవాటికీ పాకుతుంది.

బాగుచేయించాల్సినవి

జిప్పు వేశాక వెనక నుంచి విడిపోతోందంటే తప్పు ఎక్కువసార్లు పళ్లది కాదు, రన్నరుది. లాగీలాగీ అది వదులవుతుంది. చిన్న పట్టకారుతో రన్నరు వెనకవైపు రెండు అంచుల్నీ ఒక్కోసారి కొంచెమే నొక్కి, జిప్పు లాగి చూడండి. ఒకేసారి బలంగా నొక్కితే పుటుక్కున విరుగుతుంది. మార్చాల్సొస్తే రన్నరు వీపు మీద సాధారణంగా 3, 5, 8, 10 లాంటి అంకె ఉంటుంది. మూసిన పళ్ల వెడల్పు దాదాపు అన్ని మిల్లీమీటర్లని దానర్థం. కొత్తది అదే అంకెది, అదే రకం పళ్లకి సరిపోయేది తీసుకోండి. పన్ను ఊడితే మాత్రం జిప్పు మొత్తం మార్చాలి, దానికి లైనింగు విప్పాలి.

హ్యాండిల్ మొదట్లో కుట్టు తెగితే రంధ్రాలు చూడండి. రంధ్రాలు విడివిడిగా ఉంటే మళ్లీ కుట్టొచ్చు. అన్నీ కలిసి ఒకే చీలికైపోతే దారానికి పట్టు దొరకదు, లోపల తోలు ముక్క వేసి కుట్టాలి. పోతపోసిన రింగు విరిగితే అతికించే ప్రయత్నం వద్దు, అదే కొలతది కొత్తది వేయించండి. పైన మంచి తోలుండి లోపలి లైనింగు మాత్రం జిగటైతే, అది నిజంగా బాగుచేయించదగ్గ బ్యాగు. లైనింగు మారిస్తే ఇంకెన్నో ఏళ్లు నడుస్తుంది.

బాగుచేయించే కుప్పలో మూడుకి మించి పెట్టకండి. ప్రతిదానికీ తేదీ వేసిన చీటీ కట్టండి. నెలలోపు పనివాడి దగ్గరికి చేరకపోతే దాన్ని వదిలేసే కుప్పలోకి మార్చండి. ఇక్కడ మెత్తబడితే ఈ కుప్పే కొత్త బీరువా అవుతుంది.

బరువు వేసి మోయండి

ఇప్పటిదాకా నెగ్గిన బ్యాగుల్లో మీరు రోజూ తీసుకెళ్లే సామానే వేయండి: ఫోను, పర్సు, తాళాలు, కళ్లజోడు, గొడుగు, అర లీటరు నీళ్లు. నీళ్లే అర కిలో. ఖాళీ బ్యాగే కిలో తూగితే మొత్తం సులువుగా రెండు కిలోలకి దగ్గరవుతుంది. లగేజీ తూచే కొక్కెం త్రాసుంటే తూచండి. తర్వాత దాన్ని భుజాన వేసుకుని పావుగంట ఇంట్లో పనులు చేసుకోండి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఇది తెలియదు. సెంటీమీటరు వెడల్పున్న సన్నపట్టీ ఈ బరువుకి భుజంలోకి దిగుతుంది, మూడు నాలుగు సెంటీమీటర్లదైతే బరువు పరుచుకుంటుంది.

పట్టీ నడిమధ్య నుంచి బ్యాగు నోటి దాకా కొలవండి. భుజానికి తగిలించుకోవడానికి 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉండాలి. అడ్డంగా వేసుకునేదైతే చాలామందికి 50 నుంచి 60 సరిపోతుంది. బ్యాగు వెడల్పు కంటే జిప్పు తెరిచినప్పుడు నోరు ఎంత తెరుచుకుంటుందన్నది ముఖ్యం. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు, నోరు 28 ఉంటే ఫైలు మూలలు ప్రతిసారీ నలుగుతాయి. పాత చిన్న పర్సులు చాలావాటిలో ఇప్పటి 16 సెంటీమీటర్ల ఫోన్లు పట్టవు. జిప్పు బలవంతాన వేయాల్సి వస్తే పట్టనట్టే లెక్క. ఒంటిచేత్తో ఫోను తీయగలుగుతున్నారో లేదో కూడా చూడండి.

ఒక్కో పనికి రెండు చాలు. తోలు బ్యాగు మార్చిమార్చి వాడితే చెమట తడి ఆరే వ్యవధి దొరుకుతుంది, అందుకే రెండోది. తేల్చుకోలేనివి ఒక పెట్టెలో పెట్టి, పైన తేదీ రాసి 90 రోజులు ఆగండి. ఈలోగా కావాలని వెతుక్కుని తీసుకున్నది ఉంటుంది, మిగతావి వెళ్తాయి. శుభకార్యాల బ్యాగులకి మాత్రం ఏడాది గడువివ్వండి.

ఎక్కువ డబ్బు పెట్టి కొన్నామన్నది ఉంచుకోవడానికి కారణం కాదు. ఆ డబ్బు కొన్న రోజే ఖర్చయింది. అయినవాళ్ల గుర్తుగా మిగిలిన బ్యాగు సంగతి వేరు. దాన్ని బ్యాగుల లెక్కలో కలపకుండా జ్ఞాపకాల పెట్టెలో పెట్టుకోండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కాకపోతే అది రెక్సినైతే ఆ పెట్టెలో కూడా పెచ్చులూడుతుంది. రూపు చెడకముందే, ఈ రోజే, మంచి ఫొటో తీసి ఉంచుకోండి.

వదిలేసేవి ఎటు పంపాలి

ఖరీదైన కంపెనీ బ్యాగు అమ్మేటప్పుడు బిల్లు, కార్డు, గుడ్డసంచి, అదనపు పట్టీ, తాళం అన్నీ కలిపి ఇవ్వండి. లూయీ విట్టాన్ బ్యాగుల్లో ఉండే డేట్ కోడ్ తయారైన చోటునీ కాలాన్నీ చెప్తుంది, అది ఆ ఒక్క బ్యాగుకే చెందిన నంబరు కాదు. 2021 నుంచి కోడ్ బదులు లోపల చిప్ పెడుతున్నారు, కాబట్టి కొత్త బ్యాగులో కోడ్ లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. అమ్మేముందు రంగు వేయించకండి, గట్టిగా రుద్దకండి. కొనేవాళ్లకి అది లోపం కప్పిపుచ్చినట్టు కనిపిస్తుంది. పగటి వెలుతురులో నాలుగు మూలలు, హ్యాండిల్ మొదళ్లు, జిప్పు, లైనింగు ఫొటోలు తీసి, మచ్చ ఉంటే పక్కన స్కేలు పెట్టి అదీ చూపించండి.

ఊరికే ఇచ్చేదైతే జిప్పు పనిచేయాలి, పెచ్చులు ఉండకూడదు, వాసన రాకూడదు. మామూలు ముక్కిన వాసనకి బ్యాగు తెరిచి, మూతున్న డబ్బాలో పెట్టి, పక్కన గిన్నెలో వంటసోడా ఉంచి ఒకట్రెండు రోజులు మూసేయండి. తోలు మీద మాత్రం సోడా చల్లకండి. ఎవరికీ పనికిరానివైతే రింగులు, గొలుసులు, కొక్కేలు విప్పి దాచుకుని మిగతాది పారేయండి.

ఉంచుకున్నవాటి లోపల తెల్లకాగితాలు గానీ పాత నూలు బట్టలు గానీ కూరి, హ్యాండిల్ పట్టుకుని వేలాడకుండా నిలబెట్టి పెట్టండి. న్యూస్‌పేపర్ సిరా లైనింగుకి అంటుతుంది కాబట్టి అది వద్దు. గొలుసు పట్టీని బట్టలో చుట్టి లోపల పెట్టండి, బయట వదిలితే తోలు మీద గుంటలు పడతాయి. పైన ప్లాస్టిక్ బదులు దిండు గలీబు తొడిగితే చాలు. రెండు మూడు నెలలకోసారి బయటికి తీసి గాలికి పెట్టినప్పుడు, రెక్సిన్ వాటికి ఆ బొటనవేలి పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి.